మడమలకు గోరింటాకు

తనిఖీకి మనుషులు వస్తున్నారని తెలిసి, ముసలమ్మలందరికీ గోరింటాకు పెట్టమన్నారు. పెట్టింది నేనే. నాకు రాత రాదు, సంతకం మటుకు గీస్తాను. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. నా గొంతు బొంగురు, మాట సగంలో విరిగిపోతుంది, మళ్ళీ చెప్పు అంటోంది. చెబుతాను. గోరింటాకు వాసన ఎక్కడ తగిలినా నాకు మా కడప గుర్తుకు రాదు. ఒమాన్‌లో రుస్తాఖ్ గుర్తొస్తుంది. అక్కడ ఒక అవ్వ మడమ గుర్తొస్తుంది.

ముందు మా ఆయన సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఆయన ఒమాన్ పోయినప్పుడు ఈ రాస్తున్న పిల్ల ఇంకా చంకలో ఉంది. మత్రాలో ఓడరేవు పక్క బజారులో బియ్యం మూటలు దించే పని ఆయనది. ఆయనకూ చదువు రాదు కాబట్టి ఊరికొచ్చేవాళ్ళ చేత క్యాసెట్ పంపేవాడు. మా వీధి చివర టైలరు అంగట్లో టేప్‌రికార్డరు ఉండేది. నేను పోయి స్టూలు మీద కూర్చుంటే టైలరు మిషను ఆపి క్యాసెట్ పెట్టేవాడు. పిల్ల నడుస్తోందా, గోడ కారుతోందా, ఇక్కడి ఎండ మన ఎండ కాదే, అంటూ ఆయన మాట్లాడుతుండగా మధ్యలో ఓడ కూత వచ్చేది. అంగడంతా నిండిపోయేంత కూత. అది అయ్యేదాకా ఆయన మాట ఆపేవాడు. అయ్యాక, "విన్నావా, ఓడ," అని మళ్ళీ మొదలుపెట్టేవాడు. నేను సముద్రం చూసినదాన్ని కాను. నాకు మత్రా అంటే ఆ కూత, దాని తరువాత వచ్చే ఆయన గొంతు.

ఒక ఎండాకాలం మూట వీపు మీద ఉండగానే కూలిపోయాడని కబురు వచ్చింది. శవం రాలేదు. అక్కడి మనవాళ్ళే దహనం చేశారు. నేను ఆ దుఃఖంలో ఉండగా టైలరు అంగడి చేతులు మారింది, అక్కడే ఉంచిన క్యాసెట్ల మీద ఎవరో పాటలు ఎక్కించుకున్నారు. వాళ్ళకు తెలియదు పాపం. ఆయన గొంతు అట్లా పోయింది.

తరువాత పిల్లను మా అమ్మ దగ్గర వదిలి నేనూ ఒమాన్ పోయాను. బతకడానికే పోయాను, కానీ మత్రా ఒకసారి చూడొచ్చని లోపల ఉండింది. మొదట మస్కట్ పక్క అల్ మవాలేలో ఒక ఇంట్లో పని. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, గేటు మాత్రం దాటనిచ్చేవాళ్ళు కారు. ఆ ఇంటాయన మేనత్త ఒకామెకు వెనకా ముందూ ఎవరూ లేరు. ఆమెను రుస్తాఖ్‌లో ముసలివాళ్ళ ఇంట్లో చేర్చినప్పుడు తోడుగా నన్నూ పంపారు. కొన్నాళ్ళకు ఆమె పోయింది. ముసలివాళ్ళ ఇల్లు నడిపేవాళ్ళు నన్ను అక్కడే ఆయాగా పెట్టుకున్నారు. మత్రాకు దగ్గరవుదామని వచ్చినదాన్ని, కొండల్లోకి పోయి పడ్డాను.

ఆ ఇల్లు ఎవరో పెద్ద వ్యాపారి తన తల్లి జ్ఞాపకంగా కట్టించింది. చుట్టూ ఖర్జూరం తోటలు, వెనక బోడికొండ. స్నానాలు చేయించడం, దుప్పట్లు మార్చడం, అన్నం తినిపించడం, ముసలివాళ్ళను పక్కకు తిప్పి పడుకోబెట్టడం మా డ్యూటీ. నడిపించే ఆవిడను ముదీర అనేవాళ్ళం, అంటే పెద్ద మేడం. ఇంకొక మనిషి ఇంటి వ్యాను నడిపే డ్రైవరు, కరీంనగర్ వైపు అబ్బాయి. మొత్తం ఆ ఇంట్లో నాకు తెలుగు వినిపించేది అతని నోట్లోనే. ఆ తెలుగూ నా తెలుగూ వేరే. నేను ముసలివాళ్ళతో మాట్లాడుతుంటే విని నవ్వేవాడు.

"అక్కా, నీ గొంతు లారీ హారన్ లెక్కుంటది. గీ చెవిటోళ్ళకు నువ్వే కరెక్టు," అన్నాడు ఒకసారి.

"నీ మాదిరి గుసగుసలాడితే వాళ్ళకు అన్నం కూడా అందదు, పో నాయనా," అన్నాను.

అతను అన్నది నిజమే. నా గొంతు వల్లనే నాకు బీబీ దొరికింది. బీబీ అంటే ఆమె పేరు కాదు, వాళ్ళల్లో అవ్వను అట్లా పిలుస్తారు. పుట్టింది జాంజిబార్‌లో. అక్కడ గొడవలైనప్పుడు మొగుడితో ఓడ ఎక్కి వచ్చి మత్రాలో దిగింది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. చెవులు సరిగ్గా వినిపించవు, నేను మాట్లాడితే మటుకు వినిపించేది. జాంజిబార్‌లో గుజరాతీ అంగళ్ళ పక్కన పెరిగిందట, హిందీ ముక్కలు వచ్చు. నాకు కడప ఉర్దూ వచ్చు. దాంట్లో ఆమె అరబ్బీ, నేను నేర్చుకున్న అరబ్బీ కలిపితే మా ఇద్దరికీ ఒక భాష అయింది. నన్ను బింతీ అనేది, నా బిడ్డా అని.

బీబీకి ఉన్నది ఒకటే కోరిక. సముద్రం చూడాలి. ఊరికే చూడటం కాదు, మత్రాలో నీళ్ళల్లో కాళ్ళు పెట్టాలి. ఆ నీళ్ళు జాంజిబార్‌లో తమ ఇంటి మెట్లను తాకి వస్తాయని ఆమె లెక్క. రుస్తాఖ్ కొండలు ఆమెకు గిట్టేవి కావు. రాయి, రాయి మీద రాయి, అని తిట్టేది. మత్రా అని ఆమె అన్నప్పుడల్లా నాకు లోపల ఏదో కదిలేది. మా ఆయన సంగతి ఆమెకు చెప్పాను. ఓడ కూత సంగతీ చెప్పాను. ఆ రోజు నుంచి, మనమిద్దరం పోతాము, అనేది. ఒక్కతినే పోతానని మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

ఆమె మంచం పక్క కిటికీ ఎత్తుగా ఉండేది. బయట ఏ బండి చప్పుడైనా సరే, వినిపించి కాదు, నేల అదురు తెలిసి, రెండు మడమలూ పరుపుకు తన్నిపెట్టి ఒంటిని పైకి లేపేది, కిటికీలోంచి రోడ్డు చూడాలని. కూరగాయల బండి, నీళ్ళ ట్యాంకరు, మా వ్యాను, ఏది వచ్చినా లేచేది. చూసి, మళ్ళీ జారేది. దినమంతా అదే పని. మేము నవ్వుకునేవాళ్ళం.

ఇట్లా ఉండగా తఫ్తీష్ వస్తోందని ముదీర చెప్పింది. మస్కట్ నుంచి మనుషులు వచ్చి ముసలివాళ్ళను ఎట్లా చూసుకుంటున్నామో పరీక్ష చేస్తారట. ఆమె భయం ఆమెది. మాకు పని, వాళ్ళకు నీడ, అన్నీ దాని మీదే ఉన్నట్టు మాట్లాడింది. బీబీ మంచం దగ్గరికి వచ్చి, ఈ తనిఖీ మంచిగా దాటితే నిన్ను వ్యాన్‌లో మత్రా పంపిస్తాను, తోడు బింతీ వస్తుంది, అని మాట ఇచ్చింది. బీబీ ఆమె చెయ్యి పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు. నేను తువ్వాళ్ళు మడుస్తూ అక్కడే నిలబడ్డాను. మడిచిన తువ్వాలే మళ్ళీ విప్పి మడిచాను.

ఇక ఇల్లు తళతళలాడించాము. గోడలు కడిగాము, పరుపులు ఎండకు వేశాము. గదికొకటి చొప్పున కుండల్లో బొగ్గులేసి లుబాన్ పొగ పెట్టించింది ముదీర. మన సాంబ్రాణి లాంటిదే, అక్కడి కొండల్లో చెట్ల బంక. చివరికి గోరింటాకు. వాళ్ళు పండగ ముందు పెట్టుకుంటారు, ముసలమ్మలు అరచేతులు చూసుకుని మురిసిపోతారు, వచ్చినవాళ్ళకు కూడా ఇల్లు కళగా కనబడుతుందని ముదీర ఆలోచన. నాకూ సబబుగానే తోచింది.

మా వాళ్ళల్లో మొగుడు పోయినదానికి గోరింటాకు లేదు. ఆయన పోయినాక నేను తాకలేదు. ఆ రోజు పళ్ళెం నిండా తడిపిన ఆకుపొడి ముందు పెట్టుకుని, ఒక్కొక్క అవ్వ చేతికి పెడుతూ పోతే నా వేళ్ళే ముందు పండాయి. మా ఆయనకు ఆ వాసన ఇష్టం. పెళ్ళైన కొత్తలో నా చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని పడుకునేవాడు. పని అయినాక అందరూ చేతులు కడుక్కున్నారు. నేను కొంచెం ఆలస్యంగా కడిగాను.

బీబీ చేతులు అయినాక, కాళ్ళకు కూడా పెట్టు అంది.

"కాళ్ళకెందుకు బీబీ, దుప్పటి కప్పుకునే ఉంటావు కదా."

"పెళ్ళికూతురికి పెట్టినట్టు పెట్టు. చీలమండల దాకా."

"ఎవరిని చేసుకుంటావు?"

"సముద్రాన్ని," అంది.

ఎప్పుడూ తీయని మేజోళ్ళు ఆ రోజు తానే తీసింది. స్నానం చేయించేటప్పుడు కూడా కాళ్ళు తానే తుడుచుకుంటానని పట్టుబట్టే మనిషి. కుడి మడమ మీద వక్కంత నల్లటి మచ్చ కనబడింది. ఇదేంటి అన్నాను. చిన్నప్పుడు లవంగ తోటలో ముల్లు గుచ్చుకుందని చెప్పింది. ఆమె ఒళ్ళే నలుపు, దాంట్లో పాత మచ్చలు ఎన్నో. మా వైపు మడమలు పగిలినా మండినా గోరింటాకు నూరి పెడతారు, చలవ చేస్తుందని. చలవే కదా అని మందంగా, అరికాలంతా కప్పి పెట్టాను. పండిన మడమలు చూసుకుని ఆమె చిన్నపిల్ల మాదిరి నవ్వింది. ఆ నవ్వు సముద్రం కోసమే అనుకున్నాను. కొంత దానికే. మిగతాది, మచ్చ కనబడకుండా పోయిందని.

తెల్లారి తనిఖీకి ఒక్కతే వచ్చినామెను చూసి మొదట మన ఊరి మనిషేమో అనుకున్నాను. చీర మాదిరి తెల్లటి పొడుగు బట్ట ఒంటికి చుట్టుకుని తల మీద కప్పుకుంది. సూడాన్ ఆమె. భారీ మనిషి, నెమ్మది నడక. ఆసుపత్రులలో నర్సుగా చేసి చేసి ఇప్పుడు తనిఖీలు చేస్తుందట. గుమ్మంలోనే ఆగిపోయింది. లోపలికి రాలేదు. లుబాన్ కుండలన్నీ బయట పెట్టించి, కిటికీలు తెరిపించి, ముదీర ఇచ్చిన ఖావా, అంటే వాళ్ళ కాఫీ, తాగుతూ పొగంతా పోయేదాకా వరండాలో కూర్చుంది. వాసన చూడకుండా తాను పని మొదలుపెట్టలేనని చెప్పిందట. ముదీర ముఖం చిన్నబోయింది.

ఆ తరువాత ఆమె చూసినట్టు ఎవరూ చూడగా నేను చూడలేదు. కడిగిన గోడలను చూడనే లేదు. మంచం పక్కన నీళ్ళ గ్లాసు ఉంటే, ఆ మంచంలో మనిషి చెయ్యి అక్కడిదాకా అందుతుందా అని చెయ్యి చాపించి చూసింది. ముంజేతి చర్మం పట్టి లాగి వదిలింది, ఒంట్లో నీళ్ళున్నాయా లేవా దాంతో తెలుస్తుందట. పెదవులు ఎత్తి చిగుళ్ళు చూసింది. అన్నం వేళకు ఒక మూల కుర్చీ వేసుకుని, ఎవరు తిన్నారో ఎవరు కలిపి వదిలేశారో చూస్తూ కూర్చుంది. ఒక ముసలాయన పిలుపు గంట నొక్కితే, మాలో ఎవరైనా లేస్తామా లేదా అని తలుపు దగ్గర నిలబడి చూసింది. ప్రతి మంచం దగ్గరా పనివాళ్ళను బయటికి పంపి ముసలివాళ్ళతో ఒంటరిగా మాట్లాడింది. మమ్మల్ని చూసి భయపడతారని.

డ్రైవరు వరండాలో నా పక్కకొచ్చి, "గీమెను మోసం చేసుడు కష్టమే అక్కా," అన్నాడు.

బీబీ దగ్గర మాత్రం సూడాన్ ఆమె నన్ను మళ్ళీ లోపలికి పిలిచింది. ఆమె మెత్తటి గొంతు బీబీకి ఎక్కడం లేదు. నేను చెబితేనే వింటుంది. అందుకని ఆమె అడిగింది నేను గట్టిగా అరిచి చెప్పాను.

బీబీ కాళ్ళ మీది దుప్పటి ఆమె అప్పటికే తీసేసింది. ఎర్రగా పండిన మడమలు చూసింది, తరువాత నా వేళ్ళు చూసింది. బొటనవేలితో మడమ నొక్కి వదిలింది. రంగు పోయి తిరిగి వస్తుందా అని చూడటం వాళ్ళ పద్ధతి. గోరింటాకు కింద ఏమి కనబడుతుంది. అప్పుడు చెయ్యి తిరగేసి, అరచేతి వెనక వైపు మడమకు ఆనించి, కళ్ళు మూసుకుంది. ఎడమ మడమకూ ఆనించింది. మళ్ళీ కుడికి. నల్లటి ఒంటి మీద రంగు ఎట్లాగూ సరిగ్గా తెలియదు, వేడి తెలుస్తుంది, మెత్తదనం తెలుస్తుంది అని నాకు తరువాత చెప్పింది.

"ఈ మడమ ఎన్నాళ్ళ నుంచి నొప్పి?"

అరిచి చెప్పాను.

"గోరింటాకు బాగుందా?" అంది బీబీ.

"చాలా బాగుంది. నేను నొప్పి సంగతి అడిగాను."

"నొప్పి లేదు."

సూడాన్ ఆమె ఇంకొకసారి నొక్కింది. బీబీ నవ్వు ముఖం అట్లాగే ఉంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు ఆమె ఒక పని చేసింది. బీబీని కుర్చీలో కూర్చోబెట్టించి, తాను చెప్పులు విడిచి ఆ మంచం మీద పడుకుంది. అంత మనిషి, తెల్ల బట్ట సర్దుకుని, వెల్లకిలా పడుకుని పైకి చూసింది. కప్పు, గోడ, కిటికీ అడుగు చెక్క తప్ప ఏమీ కనబడవు. తన మడమలు తన్నిపెట్టి లేచి చూసింది. పరుపు మీద మడమలు రాసుకున్న చోట బట్ట పలచబడి ఉంది. దాన్ని వేలితో తడిమింది.

"ఇక్కడి నుంచి ఏమి చూస్తావు?"

"రోడ్డు. బండి వస్తే చూస్తాను."

"ఏ బండి?"

"నన్ను సముద్రం దగ్గరికి తీసుకుపోయే బండి."

"ఎక్కడి సముద్రం?"

"మత్రా," అంది బీబీ, ఎవరూ చెప్పనవసరం లేకుండా. ఆ మాట మాత్రం ఆమెకు నా గొంతు లేకుండానే అర్థమైంది.

పడక పుండు ఇంకా బయట పడలేదు, లోపల మెత్తబడుతోంది అని తేల్చింది. ఆ మడమ దేనికీ ఆనకూడదు. పిక్క కింద దిండు పెట్టి మడమను గాల్లో ఉంచాలి. వ్యాన్‌లో అంత దూరం కూర్చుని పోవడం ఇప్పుడు కుదరదు. తాను మళ్ళీ వస్తుంది, ఎప్పుడొస్తుందో చెప్పదు. అప్పుడు చూసి ఒప్పుకుంటేనే ప్రయాణం. ఇదంతా బీబీకి నేనే అరిచి చెప్పాలి. సగం చెప్పేసరికి గొంతు పోయింది. నీళ్ళు తాగి మిగతా సగం చెప్పాను. నా మత్రా కూడా దాంట్లోనే పోయిందని ఆ సూడాన్ ఆమెకు ఎట్లా తెలుస్తుంది.

పోయే ముందు వరండాలో నన్ను ఆపి, నా చేతులు పట్టుకుని చూసింది. కోప్పడుతుందనుకున్నాను.

"చేతులకు ఎంత కావాలంటే అంత పెట్టండి. కాళ్ళు మాత్రం నాకు వదిలేయండి," అంది.

ముదీరతో ఇంకా చాలా మాట్లాడింది. మంచం తిప్పి, కిటికీ కింది వరకు ఉన్న గదిలో వేయమంది. సముద్రం సంగతి కూడా చెప్పిందట, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం కూడా తాను చూసే వాటిలో ఒకటని.

బీబీ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం తినిపిస్తుంటే, "నీ రంగు సరిపోలేదు. ఇంకా ముదురుగా పెట్టవలసింది," అంది.

"నీ ముల్లు కథ సరిపోలేదు బీబీ. ఇంకా బాగా అల్లవలసింది," అన్నాను. అన్నం నోట్లో ఉండగానే నవ్వింది, పొలమారింది.

ఆ ఎండాకాలం మేమిద్దరం ఒక మడమ కోసం బతికాము. కొత్త గదిలో ఆమె పడుకున్న చోటి నుంచే రోడ్డు చూడగలిగేది, తన్నుకోవలసిన పని లేదు. దిండు జారితే నేను సర్దేదాన్ని, నేను లేనప్పుడు జారితే గంట నొక్కేది. పొద్దున్నే కిటికీ వెలుతురులో మడమ చూసేదాన్ని. మొదట ఎరుపు అంతా ఒకటే. తరువాత గోరింటాకు అంచుల నుంచి పలచబడింది. బయట తోటల్లో ఖర్జూరం గెలలు పసుపెక్కుతున్నాయి, లోపల ఆమె కాలు రంగు దిగుతోంది. రంగు పోయిన కొద్దీ నల్లమచ్చ పైకి తేలింది, పెద్దదై కనబడింది, భయపడ్డాను. ఆ తరువాత అదీ ఎండి పొక్కు కట్టి, పొక్కు రాలి, కింద కొత్త చర్మం వచ్చింది. నా వేళ్ళ ఎరుపు ఎప్పుడో పోయింది. అది పోయిన రోజు నేను చూసుకోలేదు. ఒక పొద్దున గిన్నెలు తోముతుంటే మామూలు వేళ్ళు కనబడ్డాయి, అంతే.

సూడాన్ ఆమె చెప్పకుండానే వచ్చింది, మేము నేల కడుగుతుండగా. నేరుగా బీబీ దగ్గరికి పోయింది. మడమ నొక్కి వదిలింది, చెయ్యి తిరగేసి ఆనించింది. కళ్ళు తెరిచి నా వైపు చూసి తల ఊపింది. ఈసారి అరిచి చెప్పవలసిన పని లేకపోయింది. బీబీ ఆమె ముఖమే చూస్తోంది కాబట్టి.

మత్రా పోయిన రోజు వ్యాన్‌లో వెనక సీటు మీద బీబీని పడుకోబెట్టి, కాళ్ళు నా ఒడిలో పెట్టుకున్నాను. అల్ మవాలే దాటేటప్పుడు నేను పని చేసిన ఇల్లు ఎటువైపో పోల్చుకోలేకపోయాను. డ్రైవరు దారంతా పాటలు పెట్టాడు. మత్రా వస్తోందనగా పాటలు ఆపమన్నాను. ఎందుకని అడగలేదు, ఆపాడు.

సముద్రం నేను అనుకున్నట్టు లేదు. ఇంత దగ్గరగా, ఇళ్ళ పక్కనే, వీధి మాదిరి ఉంటుందని అనుకోలేదు. చేపల వాసన, డీజిలు వాసన. చేపల పడవలు ఆగే చోట ఇసుక ఉంటే డ్రైవరు బీబీని చేతుల మీద ఎత్తుకుని తీసుకుపోయి నీళ్ళ అంచున, వెంట తెచ్చిన కుర్చీలో కూర్చోబెట్టాడు. నీళ్ళు వచ్చి ఆమె కాళ్ళను తాకాయి. ఆమె ఏదో మాట్లాడుతోంది, అరబ్బీ కాదు, హిందీ కాదు. చిన్నప్పటి భాష. నాతో కాదు. కాలి గోళ్ళ కొసల్లో ఇంకా కొంచెం ఎరుపు మిగిలి ఉంది, నీళ్ళ కింద అది కనబడింది.

నేను వెనక్కి తిరిగి బజారు వైపు చూశాను. మూటలు మోసేవాళ్ళు పోతున్నారు, వస్తున్నారు. వంగిన వీపులన్నీ ఒకటే మాదిరి ఉన్నాయి. ఏ అంగడి, ఏ మూల, నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

"అక్కా, ఎండ మస్తుగున్నది. ఇగ పోదామా?" అన్నాడు డ్రైవరు.

"కొంచెం ఉండు నాయనా."

అతను ఉన్నాడు. బీబీ నీళ్ళల్లో పాదాలు ఆడిస్తోంది. అప్పుడు రేవులో ఓడ కూసింది.

అదే కూత. బీబీకి కూడా తెలిసింది, చెయ్యి ఎత్తి నన్ను చూసింది, విను అన్నట్టు. పక్కన పక్షులు లేచాయి. నేను కదలకుండా నిలబడ్డాను. కూత పొడుగ్గా సాగి, పలచబడి, ఆగింది.

ఆగాక నేను ఇంకా వింటూనే ఉన్నాను.